చెప్పుల బండ

పోయిన వారం మీరు నన్ను మూడో గుండం ఒడ్డున వదిలి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. వాణి తువ్వాలు చేతిలోనే ఉంది. దాన్నుంచి కారిన నీళ్ళ మరక బండ మీద అప్పుడే ఆరిపోతోంది. నా బిడ్డ మాత్రం కనబడడం లేదు.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు స్వరూపరాణి. మా ఆయన కనకరాజు బస్సు కండక్టర్. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, మా ఆయన ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టెంటు కింద ఉన్నాడు. బడులు కూడా మూతపడి ఐదేళ్ళ మా వాణి ఇంట్లో నిలవడం లేదు. రేపు సద్దుల బతుకమ్మ. బస్సెక్కి పువ్వుల మూటలు తెచ్చే పల్లె ఆడవాళ్ళు రాక దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో గుప్పెడు తంగేడు కూడా దొరకలేదు. చంపాపేటలో మేం కిరాయికుండే ఇంటి ఓనరమ్మ హనుమాయమ్మగారు నా మొహం చూసి, "హయత్‌నగర్ దాటి లోపలికి పోతే ఏడుగుండాల అడవి ఉందమ్మాయ్. కావలసినంత తంగేడు. మీ పిల్లకు కాస్త ఈత కూడా నేర్పుతాను" అన్నారు. ఆవిడది కృష్ణ కాలవ గట్టు మీది ఊరు. "ఈ టైంల ఎటూ కదలకు" అని మా ఆయన చెప్పే పోయాడు. నేను ఆయనకు చెప్పకుండా బయల్దేరాను. మా కాలనీ జైపాల్ ఆటోలో హనుమాయమ్మగారు, ఆవిడ కోడలు ఉదయలక్ష్మి, నేను, వాణి.

గుట్ట రాతిలో మెట్లు మెట్లుగా ఏడు గుండాలు. అన్నిటికన్నా పైన చిన్న కుంట, దానికో తూము. మొదటి గుండం నిండి పొర్లితే రెండోది, రెండోది పొర్లితే మూడోది. అట్లా కింద పొలాల దాకా. అడవి ఆఫీసు వాళ్ళు కూడా సమ్మెలోనే ఉన్నారు కనక గేటు దగ్గర టికెట్ అడిగే దిక్కు లేదు. తూము చూసుకునే ముసలాయన భిక్షపతి ఒక్కడే ఉన్నాడు.

మోకాలి లోతు మూడో గుండంలో హనుమాయమ్మగారు వాణి కడుపు కింద చెయ్యి పెట్టి తేలడం నేర్పారు. నేను ఒడ్డున కూర్చుని "చాలు, చాలు, చెవులకు నీళ్ళు పోతయి" అని వందసార్లు అన్నాను. వాణి కింద గుట్టవారనున్న పసుప్పచ్చ పొదలు చూపించి "అమ్మా, తంగేడు!" అంది. అన్నం తిన్నంక తెంపుదాం అన్నాను. మోదుగు చెట్టు కింద గిన్నెలు సర్దడానికి నేనూ హనుమాయమ్మగారూ ముందు పైకి వచ్చాం. బట్టలు మార్చుకుని పాపను తెస్తానంది ఉదయలక్ష్మి. కాసేపటికి ఒక్కతే వచ్చింది.

"పాపేది ఉదయక్కా?"

"అదేంటి, మీతో రాలేదా?"

అక్కడ ఆగింది పోయిన వారం.

*

నాకు ఈత రాదు. మా ఊళ్ళో నీళ్ళంటే బోరు, బిందె. గుండం అంచు పట్టుకుని వంగి చూశాను. పొద్దున అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్న నీళ్ళు ఇప్పుడు మట్టి రంగులో ఉన్నాయి. ఎందుకు మారాయో తట్టలేదు. వాణి సబ్బుపెట్టె పెట్టిన రాయి కోసం చూశాను. రాయి లేదు. సబ్బుపెట్టె తేలుతూ అవతలి ఒడ్డుకు పోతోంది.

"స్వరూపా, నీళ్ళు పెరుగుతున్నాయే!" హనుమాయమ్మగారు అప్పటికే కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని గుండంలో దిగి చేతులతో తడుముతున్నారు. "పొద్దున ఇక్కడ నా మోకాలు తడవలేదు. ఇప్పుడు నడుం దాటింది. పైన ఎవరో వదిలారు. పరిగెత్తు!"

పరిగెత్తాను. ముళ్ళు, రాళ్ళు ఏవీ తెలియలేదు. మొదటి గుండం పక్కన దారికి అడ్డంగా పడుకున్నట్టుండే నల్లబండ దాటాను. దాని మీద ఏమీ లేదు. అది ఖాళీగా ఉందని చూశాను గానీ, ఖాళీగా ఉండడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు.

కుంట కట్ట మీద భిక్షపతి తూము చక్రం పక్కన కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. కింద రాతి నోట్లోంచి నీళ్ళు నురగలతో దూకుతున్నాయి.

"తాతా! బంద్ చెయ్! నా బిడ్డ లోపల ఉన్నది!"

"ఎవ్వల్లేరు బిడ్డా." ఆయన బెదరలేదు. "చూసిన్నే ఇడ్సిన. ఈల గూడ ఏసిన, ఇనబడలేదా?"

ఈల విన్నాను. గిన్నెల మూతలు తీస్తున్నప్పుడు పొడుగ్గా వినబడింది. ఎవరో మేకల్ని తోలుకుంటున్నారనుకున్నాను.

"ఉన్నది తాతా! ఐదేండ్ల పోరి, లోపలనే ఉన్నది!"

"బండ మీద చెప్పుల్లెవ్వు గద!"

ఆ మాట అంటూనే ఆయన ముఖంలో రంగు పోయింది. బీడీ పారేసి చక్రం మీద పడ్డాడు. తుప్పు పట్టిన చక్రం. నేనూ చేతులు వేశాను. ఇద్దరం గుండెలతో నెట్టినా అది బెత్తెడు బెత్తెడు తిరిగింది. తిప్పుతూనే మాట్లాడాడు ఆయన, నాతో కాదు, చక్రంతో మాట్లాడినట్టు.

"మా నాయిన పెట్టిన కట్టు గిది. ఒకనాడు తూము ఇడిస్తె ఇద్దరు పోరగాండ్లు పోయిండ్రు. గప్పటి సంది గుండంల దిగెటోళ్ళు బండ మీద చెప్పులిడ్వాలె. ఎక్కినంక తొడుక్కొని పోవాలె. నేను వచ్చి బండను చూస్త. ఒక్క జత ఉన్నా తూము ముట్ట. లెవ్వంటె మనిషి లేనట్టు. నలభై ఏండ్ల సంది ఒక్క పాణం పోనియ్యలె, తెలుస్తున్నదా!"

"రోజూ ఇడుస్తవా?"

"ఇదివరకు వారానికొక్కసారే. ఇప్పుడు కరెంటేది? బొగ్గు బాయిలు బందైనయి, మోటర్లు నడుస్తలెవ్వు. వరి పొట్ట మీదున్నది. రోజూ మూడింటికి ఇడ్వకుంటె ఊరు నన్ను బతకనిస్తదా?"

మా సమ్మె. ఆ టెంటుకు నేను పొద్దున్నే సద్దిడబ్బా కట్టి పంపాను. ఆ సంగతి ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీళ్ళ హోరు సన్నబడి, ఆగింది. ఆగాక అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. ఎక్కడా పిల్ల ఏడుపు లేదు.

*

పొద్దున మేం వచ్చినప్పుడే భిక్షపతి బండ చూపించి చెప్పులు అక్కడ విడవమన్నాడు, ఎందుకో చెప్పలేదు. పక్కన తగరపు బోర్డు కూడా ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించిన దాన్ని నేను. కనబడిన బోర్డునల్లా చదువుతాను, ఆ కాస్తా పోకూడదని. "గుండంలో దిగువారు చెప్పులు బండపై విడువవలెను" అని ఉంది. పక్కనే పసుపు, కుంకుమ పూసిన చిన్న రాయి, గంగమ్మ. ఓహో, అమ్మవారి దగ్గర చెప్పులు విడవడం అనుకున్నాను. దండం పెట్టి నా చెప్పులు విడిచాను.

హనుమాయమ్మగారు మాత్రం తన జత ఒక కవర్లో పెట్టబోయారు. "కొత్త చెప్పులయ్యా. ఇట్లా వదిలేస్తే మిగులుతాయా?"

"ఈడ చెప్పులు దొంగతనం చేసెటోడు ఇంకా పుట్టలేదమ్మా. పెట్టు బండ మీద" అని భిక్షపతి గదిమాడు. ఆవిడ నవ్వి తీసి పెట్టారు. అంతవరకు అందరూ చూశారు.

ఇప్పుడు అదే బండ దగ్గర నిలబడ్డాం నలుగురం. హనుమాయమ్మగారి చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఉదయలక్ష్మి వెక్కుతోంది.

"నేను బట్టలు మార్చుకుని రాయి చాటు నుంచి వచ్చేసరికి పాప లేదు. పైకొచ్చి చూస్తే బండ మీద నా చెప్పులొక్కటే ఉన్నాయి. తనవి లేవు. మీతో వచ్చేసిందనే అనుకున్నాను స్వరూపా. ఒట్టు. చెప్పులుంటే వెనక్కి పోయేదాన్ని కాదూ?"

"చెప్పులుంటే నేను తూము ముట్టెటోన్నే కాదు" అన్నాడు భిక్షపతి. "మరి ఎవ్వలు తీసిండ్రు?"

నేను హనుమాయమ్మగారి వైపు తిరిగాను. మూడేళ్ళుగా ఆవిడను మీరు అనే పిలిచాను. ఆ మీరు ఎటు పోయిందో పోయింది.

"నువ్వే తీసినవ్!"

"నేనా?"

"కవర్ పట్టుకొని నిలబడ్డది నువ్వు గాదా? మిగులుతాయా అన్నది నువ్వు గాదా? మా తాన అందరు దొంగలే నీ కండ్లకు! నా బిడ్డ చెప్పులు గూడ నీ కవర్ల ఏసినవ్!"

"నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి, చూడవే తల్లీ. ఆయన వద్దనగానే తీసి పెట్టానుగా. నీ ముందే పెట్టాను."

"నీళ్ళు, నీళ్ళు అని తీస్కొచ్చింది ఎవ్వలు? మేం అడిగినమా ఈత? మీ కాల్వలు మీకుండనీ. పాలు పొంగినా, పువ్వు పూసినా అన్నీ మా ఊర్లనే బాగుంటయంటవ్ గద, ఆడికే పోయి నేర్పియ్యరాదు! మా ఆయన గేటు కాడ జై అన్నప్పుడల్ల నీ కిటికీ ధన్‌మని మూసుకుంటె మాకు తెల్వదనుకున్నవా?"

ఆ మాటకు ఉదయలక్ష్మి ఏడుపు ఆపి నన్ను చూసింది. సాయంత్రం టెంటు నుంచి వచ్చి గేటు తీస్తూ మా ఆయన "జై" అంటాడు. వాణి ఎక్కడున్నా సరే, మంచం కింద దాక్కున్నా, ఒంటి నిండా సబ్బుతో స్నానాల గదిలో ఉన్నా, "తెలంగాణ!" అని కేక పెడుతుంది. తండ్రీబిడ్డల ఆట అది. వెంటనే పైన కిటికీ రెక్క పడుతుంది. అది కూడా ఆటలో కలిసిపోయింది. వాణి ఆ చప్పుడు కోసం ఆగి మరీ నవ్వుతుంది. ఇంతవరకు మేం గానీ వాళ్ళు గానీ ఆ ఊసు ఎత్తలేదు.

"చెప్పులు పోతయని అంత భయముంటె..." అని మళ్ళీ మొదలుపెట్టాను.

అక్కడ గుర్తొచ్చింది.

పోయిన నెల గుడి దగ్గర మా ఆయన కొత్త చెప్పులు పోయాయి. ఎండలో వట్టికాళ్ళతో ఇల్లు చేరాడు. అయినా ఆ వారమే దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద వాణికి బతుకమ్మ కోసమని మడమల్లో లైట్లు వెలిగే చెప్పులు కొన్నాడు. తర్వాత సమ్మె, జీతం లేదు. పొద్దున భిక్షపతి హనుమాయమ్మగారిని గదుముతున్నప్పుడు అందరూ అటు చూస్తుంటే, నేను బండ మీది నుంచి ఆ చిన్న జత తీసి నా సంచిలో పెరుగన్నం డబ్బా కింద దోపాను. అమ్మవారికి ఒక్క జత తక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను.

గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు. నిజం చెప్పాలంటే, గుర్తొచ్చాకే ఇంకా గట్టిగా అరిచాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయను.

"ముందు కనకరాజుకు కబురు చెయ్యాలి" అన్నారు హనుమాయమ్మగారు, నేను ఊపిరి తీసుకున్నప్పుడు. "నీ ఫోను సంచిలో ఉందా?"

వద్దు అనేలోపల ఆవిడ మోదుగు చెట్టు కిందికి పోయి నా సంచి తెరిచారు. డబ్బా జరిపారు. సంచి లోపల ఎర్రగా ఒకసారి, నీలంగా ఒకసారి వెలిగింది. ఆ చెప్పులకు ఏ చిన్న దెబ్బ తగిలినా అట్లా వెలుగుతాయి.

ఆవిడ వంగినవారు వంగినట్టే ఉన్నారు. తర్వాత తల ఎత్తి నన్ను చూశారు. ఆ చూపు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అందులో కోపం వెదికాను, దొరకలేదు. దొరికితే బాగుండేది.

ఆవిడ ఫోన్ తీసుకుని, సంచి మూసి అక్కడే పెట్టి, ఫోన్ కోడలి చేతికిచ్చారు. "ఇక్కడ సిగ్నల్ లేదు. గేటు దగ్గరున్న జైపాల్‌ను తీసుకుని రోడ్డెక్కు. కనకరాజుకు చెప్పు. ఫైరింజనుకూ చెయ్యి. ఏడవకు, మాట అర్థం కావాలి వాళ్ళకు."

*

ఉదయలక్ష్మి అటు పోగానే ఇటు పొలాల వైపు నుంచి ఐదారుగురు ఎక్కి వచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో కొడవళ్ళు, మోకాళ్ళ దాకా బురద.

"ఏంది భిక్షపతీ, ఇడ్సినట్టె ఇడ్సి బందు పెట్టినవ్? నీళ్ళు మా దాకా రానేలేదు!"

"పోరి పడ్డది గుండంల. బండ మీద చెప్పుల్లెవ్వు, నేను ఇడ్సిన."

అందరూ బండ వైపు చూశారు. ఆ ఊరివాళ్ళకు ఆ రెండు మాటలు చాలు. తర్వాత ఒకావిడ అడిగింది. "పెట్టిన చెప్పులు ఎట్ల లేకుండ పోతయి? ఎవ్వలు తీసిండ్రు?"

నేనే అని ఒక్క మాట. తల్లే తీసిందంటే ఈ మనుషులు ఏమంటారు? సాయంత్రానికి మా ఆయన వస్తాడు, ఆయన ఏమంటాడు? రేపు, ఎల్లుండి, నేను బతికినన్నాళ్ళూ నాకు నేను ఏం చెప్పుకోను? నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

"నేనే తీశానమ్మా" అన్నారు హనుమాయమ్మగారు. "తెలియక తీశాను."

కొడవలి ఆవిడ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "మాట చూస్తె ఆంధ్రామె లెక్కున్నది."

"అవును."

"గంతే ఇగ!" వెనక నుంచి ఒకాయన అన్నాడు. "మా అడవి గావాలె, మా నీళ్ళు గావాలె, మా కట్టు మాత్రం లెక్క లేదు. పిల్ల పాణం మీదికి తెచ్చినవ్ గదనమ్మా!"

"తప్పే బాబూ. ముందు పిల్లను వెతకండి. తర్వాత నన్ను ఏమన్నా అనండి. ఎక్కడికీ పోను."

భిక్షపతి నొసలు ముడిచాడు. "పొద్దున నీ జత నువ్వు మల్ల బండ మీద పెట్టినవ్ గదమ్మా, నేను చూసిన..." అని నసిగి, అక్కడే ఆగి, మెల్లగా నా వైపు తిరిగాడు. నేను నీళ్ళ వైపు చూశాను.

"వెతుకుదాం పాండ్రి" అన్నాడు ఆయన.

మూడో గుండం పక్కన రాతిలో మేకలు వాన పడితే దూరే సొరికె ఒకటి ఉందట. పిల్లలు పట్టేంత. లోపల మెట్టు ఎత్తుగా ఉంటుంది, దాని మీద కూర్చుంటే ప్రాణానికి భయం లేదు. ఇప్పుడు దాని నోరు నీళ్ళ కింద ఉంది. "తూము బందైంది. పైనుంచి రావు. ఉన్నయి కిందికి పొర్లుతయి. నీళ్ళు దిగెదాక చూడాలె" అని భిక్షపతి కొడవలి మొనతో నీళ్ళ అంచున రాతి మీద గీత గీశాడు.

హనుమాయమ్మగారు ఆగలేదు. అరవై ఏళ్ళ మనిషి మునిగారు. నీళ్ళ మీద ఆవిడ నెరిసిన జడ ఒక్కటే తేలింది. లేచి, ఊపిరి పీల్చి, మళ్ళీ మునిగారు. మూడోసారి లేచేటప్పటికి పెదాలు నల్లబడ్డాయి.

"భుజం దాకా పెట్టాను. చేతికి ఏమీ తగలట్లేదు."

గీతకూ నీళ్ళకూ మధ్య వేలెడు తడి కనబడింది. తర్వాత రెండు వేళ్ళు. నేను ఆ తడినే చూస్తూ "వాణీ, వాణీ" అంటున్నాను. గొంతు ఎప్పుడో పోయింది. గాలి మాత్రం వస్తోంది.

"పిలవండమ్మా ఎవ్వలన్న" అంది కొడవలి ఆవిడ. అందరూ "వాణీ!" అని అరిచారు. గుట్ట తిరిగి అరిచింది. బదులు లేదు.

నాకు తెలుసు ఎందుకు పలకదో. పేరు పెట్టి గట్టిగా అరిచానంటే దెబ్బలు పడబోతున్నాయని దానికి తెలుసు. చెంచా పడేస్తే వాణీ. రోడ్డు మీదికి పోతే వాణీ. నా భయమంతా ఆ పేరులోనే అరుస్తాను. ఆ పేరు వింటే నా బిడ్డ పలకదు, ఇంకా లోపలికి దాక్కుంటుంది. హనుమాయమ్మగారి చెయ్యి పట్టుకుని ఆ ముక్క చెప్పబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. పెదాలతో "జై" అన్నాను.

ఆవిడకు వెంటనే అర్థమైంది. మూడు వారాలుగా పై నుంచి వింటున్న మనిషి కదా.

ఆవిడ చుట్టూ చూశారు. బురద కాళ్ళతో ఒడ్డున నిలబడ్డ వాళ్ళను, వాళ్ళ చేతుల్లో కొడవళ్ళను చూశారు. నడుం లోతు నీళ్ళలో నిటారుగా నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"జై!"

ఒడ్డు మీదివాళ్ళ నోళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. "తెలంగాణ!" అనేశారు అందరూ, అలవాటు కొద్దీ. గుట్ట దద్దరిల్లింది. అంతలోనే ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు, అన్నదెవరు, మేం బదులిచ్చింది ఎవరికి అన్నట్టు.

"మీరు అనకుండ్రి!" భిక్షపతి చెయ్యి ఎత్తాడు. "సప్పుడు చెయ్యకుండ్రి. పిల్లను అననియ్యండ్రి. మల్లొక్కసారి అను తల్లీ."

"జై!" హనుమాయమ్మగారి గొంతు జీరపోయింది. "జై, బంగారం! జై!"

చినుకు పడితే వినబడేటంత నిశ్శబ్దం.

"...లంగాణ!"

సన్నగా, ఎక్కడో గిన్నెలోంచి వచ్చినట్టు. నా బిడ్డే. చివరి అక్షరం సాగదీసి అనే గొంతు దానిది ఒక్కదానిదే. కొడవలి ఆవిడ నన్ను పట్టుకుని "ఉన్నది బిడ్డా, నీ పోరి ఉన్నది!" అని తానే ఏడ్చేసింది.

భిక్షపతి మాత్రం నవ్వలేదు. ఆయన సొరికె వైపు చూడడం లేదు. కిందికి చూస్తున్నాడు.

"అది ఈడ గాదు" అన్నాడు. "ఆరోదాంట్ల."

అప్పుడు నేనూ కిందికి చూశాను. గుట్టవార పసుప్పచ్చ తంగేడు పొదలు. వాటి మధ్య ఆరో గుండం నల్లగా, గుండ్రంగా ఉంది. పొద్దున ఆయన దాని గురించి ఒక్క మాటే చెప్పాడు. బావి లెక్క ఉంటది, జారితే ఎక్కరాదు, అటు పోవద్దు.

తూము వదలనప్పుడు రాతి సందుల్లోంచి నీళ్ళు కారిపోయి, అడుగున గజం మించని గుండం. ఇక్కడ మూడో గుండంలో నీళ్ళు దిగుతున్నాయని సంతోషపడ్డాం కదా, అవి పోతున్నది అటే. నాలుగోది ఎప్పుడో నిండింది. దాని పెదవి మీది నుంచి నా తొడంత లావు ధార ఐదోదాంట్లో పడుతోంది.

"తూము బంద్ చేసిన బిడ్డా" అన్నాడు భిక్షపతి, పరుగు మొదలుపెడుతూనే. "ఇడ్సిన నీళ్ళను ఎట్ల బంద్ చేస్త?"

ఎవరు ఎవరిని దాటుకుని పోయారో తెలియదు. నేను ఎప్పుడు మోదుగు చెట్టు దగ్గరికి పోయి సంచి భుజాన వేసుకున్నానో అసలే తెలియదు. జారుడు రాళ్ళ మీద కూర్చుని, పాకి, పడి, ఐదో గుండం దాటి ఆరోదాని అంచుకు చేరేసరికి నా మోకాళ్ళు చీరుకుపోయాయి. నాకన్నా ముందు హనుమాయమ్మగారు బోర్లా పడుకుని లోపలికి చెయ్యి చాచి ఉన్నారు. ఆవిడ వేళ్ళకూ నా బిడ్డకూ మధ్య ఇద్దరు మనుషుల లోతు.

వాణి కింద చిన్న అరుగులాంటి రాయి మీద ఉంది. ఒళ్ళో తంగేడు పువ్వులు. ఒక మోకాలు రక్తం. తల ఎత్తి ముందు హనుమాయమ్మగారిని చూసింది, తర్వాత నన్ను, తర్వాత అంచు చుట్టూ వంగిన ఊరివాళ్ళందరినీ.

"కొట్టకే అమ్మా" అంది. "పువ్వులకు వచ్చిన. జారి పడ్డ."

"కొట్టను" అన్నాను. వినబడిందో లేదో.

"రాళ్ళు మస్తు కుచ్చుతున్నయే. పొద్దుగాల నువ్వు సంచిల దాచినవ్ చూడు, నా లైట్ల చెప్పులు... అవి ఇయ్యవా?"

నా పక్కనే వంగి భుజం మీద చెయ్యి వేసి ఉన్న కొడవలి ఆవిడ మెల్లగా ఆ చెయ్యి తీసేసుకుంది. భిక్షపతి తాడు కోసం తలపాగా విప్పుతున్నవాడు విప్పుతూనే నన్ను చూశాడు. నా భుజానున్న సంచి రాయికి తగిలి, లోపల ఎర్రగా ఒకసారి, నీలంగా ఒకసారి వెలిగింది.

హనుమాయమ్మగారు ఒక్కరే నా వైపు తిరగలేదు. ఆవిడ పైకి, ఐదో గుండం పెదవి వైపు చూస్తున్నారు. అక్కడ నీళ్ళు అంచు దాకా వచ్చి, ఒక్క క్షణం నిండుగా నిలిచాయి.

తర్వాత పొర్లాయి.